ఆ ఫారంలో నీ గడి లేదు

మేరుగువారిపాలెం,
12 ఫిబ్రవరి 2024.

లోవరాజు బావకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కవరు మీద అన్ని ముద్రలు ఉంటే నీ అక్షరాలు వెతుక్కోవాల్సి వచ్చింది. అత్తకి మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి కూడా మొదటిసారిలాగే ఏడ్చింది. ఏడుపయ్యాక, "చూడవే, వాడి చేతిరాత ఇంకా బాగుపడలేదు" అంది. నీ తల్లి గురించి నీకు నేను చెప్పాలా?

ఇంజను ఆగిపోయిందనీ, పొగమంచులో కొట్టుకుపోయి ఆ దేశం నీళ్లలో పడ్డారనీ నువ్వు రాసేదాకా మాకు తెలియదు. మిమ్మల్ని పరాయి దేశం జైల్లో పెట్టారని ఒక్క ముక్క చెప్పి బోటు ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు. ఊరు కాని ఊరి బోటు ఎక్కొద్దని నీకు ముందే చెప్పాను. మన రేవులో చేపల్లేవని అంత దూరం వెళ్లావు. వెళ్లి ఏం పట్టావు? నిన్నే పట్టారు.

ఇక్కడ సంగతి. కాకినాడ నుంచి ఒక సేవాసమితి వాళ్లు వచ్చి తుఫాను షెల్టర్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. ఆసరా లేని ఇళ్లకి నెలకి రెండు కూపన్లు ఇస్తున్నారు. పసుపు కూపన్‌కి బియ్యం, పప్పు, నూనె. పచ్చ కూపన్‌కి మందుల షాపులో మందులు. అంటే అత్త ఇన్సులిన్ వస్తుంది బావా. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి ఆవిడకి సగం మందే పొడుస్తున్నాను. ఆవిడకి తెలియదు. నీకూ చెప్పకూడదనుకున్నాను. కాలి వేలి మీద పుండు పెద్దదయింది, డాక్టరు చూసి వేలు తీసేయాల్సి వస్తుందేమో అన్నాడు. అందుకని మొదటి రోజే వెళ్లి వరసలో నిలబడ్డాను.

ఫారం నింపాలన్నారు. ఏవో గడులు. కౌముది అని సమితిలో ఒక అమ్మాయి ఉంది, నెమ్మదస్తురాలు, నన్ను కూడా "అండీ" అనే పిలుస్తుంది. ఏదో ఒకటి రాసి ఇచ్చాను. అదంతా నీకెందుకులే. కూపన్లు వచ్చాయి, అది చాలు.

మందు చల్లగా ఉండాలట. మనకి ఫ్రిజ్ ఎక్కడిది? మరిడమ్మ పిన్ని చేపల ఐసు పెట్టెలో ఒక మూల పెడుతున్నాం. "ఈ మందు చందువా వాసన కొడుతోందే" అంటుంది అత్త. ఇప్పుడు మాత్రం పూర్తి మందే పొడుస్తున్నాను.

నీ మీద కోపం ఇంకా పోలేదు. పోయాక రాద్దామంటే ఈ జన్మలో రాయలేనని ఇప్పుడే రాసేస్తున్నాను.

నీ దుర్గ


జైలు నుంచి,
28 ఏప్రిల్ 2024.

దుర్గకి,

నీ ఉత్తరం రెండు నెలలు తిరిగి తిరిగి వచ్చింది. అమ్మ కాలు ఎలా ఉందో వెంటనే రాయి. వెంటనే అంటే మళ్లీ రెండు నెలలే అనుకో.

మేం ఆరుగురం ఒకే గదిలో ఉన్నాం. మిగతా ఐదుగురూ భీమిలి అవతల వాళ్లు, మన వైపు నుంచి నేనొక్కణ్ణే. డ్రైవరు బుల్లియ్య మంచివాడు. వారానికోసారి చేపల కూర పెడతారు, ఆవనూనెతో చేస్తారు. బుల్లియ్య ముక్కు మూసుకుని తింటాడు. నేను అలవాటు చేసుకున్నాను. కొట్టడం లేదు, ఆ భయం పెట్టుకోకండి.

ఇప్పుడు అసలు మాట. ఊరికే ఎవరిస్తారే? నెలనెలా బియ్యం, నూనె, మందులు? ఫారంలో ఏం రాశావు? "నీకెందుకులే" అని ఎందుకు రాశావు? మనిద్దరి మధ్య నాకెందుకులే అనే మాట ఎప్పుడు వచ్చింది? ఎవరి దయ మీద బతుకుతున్నారో నాకు తెలియాలి. ఓనరు ఇస్తున్నాడా, ఇంకెవరైనా ఇస్తున్నారా? ఇక్కడ ఆలోచించడం తప్ప వేరే పని లేదు, ఆలోచిస్తే మంచి ఆలోచనలు రావు.

అమ్మని మాత్రం ఎవరి బల్ల ముందూ నిలబెట్టకు. నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ ఒకరి గుమ్మం ఎక్కలేదు.

లోవరాజు


మేరుగువారిపాలెం,
30 జూన్ 2024.

బావా,

ఏం మాటలవి? నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అత్తకి చదివేటప్పుడు ఆ ముక్క మింగేసి, "దుర్గ ఎలా ఉందని అడిగాడు" అని నేనే కల్పించి చెప్పాను. "ఇంకెవరైనా" అంట! ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ద్రాక్షారామం దాకా వీధి వీధీ తిరిగొచ్చేదాన్ని. ఆ వాసనకి ఎవడొస్తాడు బావా నా దగ్గరికి, పిల్లులు తప్ప?

నువ్వే అడిగావు కాబట్టి విను. ఫారంలో "కుటుంబ పెద్ద" అని ఉండి, కింద మూడు గడులున్నాయి. చనిపోయాడు, వదిలేశాడు, మంచాన పడ్డాడు. పరాయి దేశం జైల్లో ఉన్నాడు అనే గడి లేదు. కౌముది కలంతో పైనుంచి కిందిదాకా వెతికింది పాపం. "మీ ఆయనకి ఈ ఫారంలో గడి లేదండి" అంది. పక్కన రాయమన్నాను. "కంప్యూటర్ తీసుకోదండి" అంది. మంచాన పడ్డాడంటే మంచం మీద మనిషిని చూపించాలి. వదిలేశాడని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. వెనక్కి తిరిగి వచ్చేస్తుంటే అత్త కాలు గుర్తొచ్చింది. మళ్లీ వెళ్లి మొదటి గడిలో టిక్కు పెట్టాను.

సముద్రంలో పోయినవాళ్లకి శవం దొరకదు, సర్టిఫికెట్ ఉండదు. అందుకని తల్లి మాట, వీధిలో ఐదుగురి సంతకాలు చాలన్నారు. మరిడమ్మ పిన్ని ఐదుగుర్నీ క్షణంలో పోగేసింది. ఫొటోకి బొట్టు తుడుచుకున్నాను. గాజులు తీయలేదు, చేతులు పైట కింద దాచుకున్నాను. ఇంటికొచ్చి వెంటనే రూపాయంత బొట్టు పెట్టుకున్నాను. బతికున్నవాణ్ణి పోయాడంటే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా, ఆ లెక్కన నీకు నూరేళ్లూ నిండి ఇంకా మిగులుతాయి.

ఇంకో భయం ఉంది. తనిఖీలు మొదలయ్యాయి. పై వీధిలో దేవకుమారి తెలుసుగా, మొగుడు వదిలేశాడని రాసింది. తనిఖీకి జీపు వచ్చిన రోజు ఆయన అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడట. కూపన్లు ఆపేశారు. అందుకని మన వీధంతా ఒక మాట అనుకున్నారు. జీపులో ఎవరొచ్చి లోవరాజు ఏడీ అని అడిగినా అందరూ ఒకటే చెప్పాలి. అత్తకి పాఠం చెప్పే పని మరిడమ్మ పిన్ని తీసుకుంది.

"వదినా, జీపు వచ్చింది. నీ కొడుకేడీ అన్నారు. ఏం చెప్తావు?"

"వేటకెళ్లాడండి, వచ్చేస్తాడు అంటాను."

"అయిపోయింది! నీ మందు పోయింది, కాలు పోయింది! మళ్లీ చెప్పు."

పది రోజులు పట్టింది. ఇప్పుడు గడగడా చెప్పేస్తోంది, "కొడుకు లేడండి, సముద్రం తీసుకుపోయిందండి" అని. చెప్పిన ప్రతిసారీ చెంపలేసుకుని, సముద్రం వైపు తిరిగి దణ్ణం పెడుతుంది.

పుండు ఎండుతోంది బావా. వేలు తీయక్కర్లేదన్నాడు డాక్టరు. ఇంక నువ్వేం తిట్టుకుంటావో తిట్టుకో.

దుర్గ


జైలు నుంచి,
11 జూలై 2024.

దుర్గా, అమ్మా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. గట్టిగా చదువు, వీధంతా వినాలి.

నిన్న మన ఎంబసీ ఆయన వచ్చాడు! ఆయనకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు, మధ్యలో బుల్లియ్య. మా కార్డులన్నీ బోటులోనే పోయాయి కదా. అందుకని మన దేశం వాళ్లమేనని తేల్చుకోవడానికి ఎవరి ఊరికి వాళ్లు మనుషుల్ని పంపుతారట. వాళ్లొచ్చి ఈ మనిషి మీ వాడేనా అని అడుగుతారు. అవునంటే రాసుకుని పైకి పంపుతారు. అందరి కాగితాలూ వచ్చాక విడుదల. అంతే దుర్గా, ఒక్క "అవును" చాలు.

మిగతావాళ్లు బెంగ పెట్టుకున్నారు. ఏడాదికో రేవు తిరిగే సంసారాలు, ఆ వేళకి ఇంట్లో ఎవరుంటారో అని. నేను నవ్వాను. మా వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారండి, నేను పుట్టినప్పుడు బొడ్డు కోసింది మరిడమ్మ పిన్నేనండి అన్నాను. అమ్మ పేరు రాయించాను. మా అమ్మని అడిగితే చాలండి అని రెండుసార్లు చెప్పాను. ఆయన రెండుసార్లూ రాసుకున్నాడు.

పోయిన ఉత్తరంలో తప్పుగా రాశాను. రాసి పంపేశాక బుద్ధొచ్చింది. నువ్వు తిట్టే ఉంటావు, ఆ తిట్లు దారిలో ఉండి ఉంటాయి. నేనొచ్చాక ఎదురుగా కూర్చుని మళ్లీ తిట్టు.

అమ్మా, వచ్చిన రోజు చింతచిగురు వేసి చిన్నచేపలు వండు. ఇంక మన ఊరి బోటు తప్ప ఎక్కను, ఒట్టు.

మీ లోవరాజు


మేరుగువారిపాలెం,
27 ఆగస్టు 2024.

బావా,

నీ ఉత్తరం మొన్న శనివారం వచ్చింది. గట్టిగా చదవమన్నావు. మొదటి పది లైన్లు గట్టిగానే చదివాను. అత్త, "ఏంటే, ఆగిపోయావేం?" అంటోంది. కళ్లజోడు తేవాలని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. నాకు కళ్లజోడు లేదని ఆవిడకి గుర్తు రాలేదు.

వాళ్లు వచ్చి వెళ్లిపోయారు బావా. ఎనిమిదో తారీఖు, గురువారం. నేను గంపతో ద్రాక్షారామం వెళ్లాను. నేనుంటే వేరేగా ఉండేదా అంటే, ఏమో, ఉండేది కాదేమో. నేనూ అదే చెప్పేదాన్నేమో. ఆ రోజు ఎవరం కూపన్లు తప్ప ఇంకేం అనుకోలేదు.

జీపులో ఇద్దరు దిగారట. "మేరుగు లోవరాజు ఇల్లు ఇదేనా?" అన్నారట. మరిడమ్మ పిన్ని ఐసు పెట్టె మూత వేసి ముందుకొచ్చింది.

"ఇదేనండి. పాపం, పోయాడు కదండీ."

"పోయాడా? ఎక్కడికి?"

"సముద్రంలో పోయాడండి, పోయినేడు కార్తీక మాసంలో. ఐదుగురం సంతకాలు కూడా పెట్టామండి. ఇవిగోండి కూపన్లు."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. దేనికండీ అని అడిగితే, "ఎంక్వయిరీ అమ్మా, చెప్పకూడదు" అన్నారట. వీధిలో ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ ఒకటే మాట. ఆఖరికి పెద్దాయన అత్త మంచం పక్కన కూర్చుని, "మీకు కొడుకున్నాడా అమ్మా? నిజం చెప్పండి" అన్నాడట. అత్త లేచి కూర్చుని, నేర్పింది నేర్పినట్టు, "కొడుకు లేడండి, సముద్రం తీసుకుపోయిందండి" అంది. రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. అదే చేత్తో మళ్లీ చెంపలేసుకుందట, వాళ్లు వెళ్లాక.

సాయంత్రం నేను రాగానే పిన్ని ఎదురొచ్చింది. "నీ అత్త ఎంత బాగా చెప్పిందనుకున్నావు! ఒక్క ముక్క తడబడలేదు" అని మెచ్చుకుంది. అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను బావా. ఆ నవ్వు తలుచుకుంటే నా మూతి నేనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

ఈ పొద్దున్నే మొదటి బస్సుకి కాకినాడ వెళ్లాను. వాళ్ల ఆఫీసు వెతుక్కుని పట్టుకున్నాను. నీ ఉత్తరాలు, పెళ్లి ఫొటో పట్టుకెళ్లాను. ఆ పెద్దాయన చెడ్డవాడేం కాదు, కూర్చోమన్నాడు. "కాగితం పైకి వెళ్లిపోయిందమ్మా. తల్లి స్టేట్‌మెంటు ఉంది, వీధంతా సాక్ష్యం ఉంది. ఇప్పుడు బతికున్నాడంటే ఏది నమ్మాలి? అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?" అన్నాడు. అప్పుడేనండి అన్నాను. "ఆ మాట రాసిస్తే సంతకాలు పెట్టిన ఐదుగురి మీదా కేసవుతుంది. మీ అత్తగారి మీద కూడా" అన్నాడు. అయినా రాసిచ్చాను. తీసుకుని ఫైల్లో పెట్టాడు. పైనుంచి మళ్లీ అడిగితే పంపుతాడట. అడగకపోతే అది అక్కడే ఉంటుందట.

కౌముది కోసం సమితికి వెళ్లాను. ఆ అమ్మాయి మానేసి వెళ్లిపోయిందట.

ఇంకో ఊరి వాళ్ల పేర్లు చెప్పి మళ్లీ అడగమను బావా. మా అమ్మ వాళ్ల పేర్లు చెప్పు. ఎవరి పేరైనా చెప్పు, మన వీధి పేరు మాత్రం చెప్పకు.

అత్తకి ఇంకా చెప్పలేదు.

దుర్గ


జైలు నుంచి,
19 నవంబరు 2024.

దుర్గకి,

పోయిన మంగళవారం వాళ్లు ఐదుగురూ వెళ్లిపోయారు. ఆ ముందు వారం ఎంబసీ ఆయన వచ్చి పేర్లు చదివాడు. ఐదు చదివి ఆగాడు. నేను నిలబడే ఉన్నాను. బుల్లియ్య, "ఇంకోటి ఉంది సార్, లోవరాజు, చూడండి" అన్నాడు. ఆయన కాగితం తిరగేసి చదివి చెప్పాడు. ఆ చిరునామాలో ఆ పేరుగల మనిషి చనిపోయాడు. తల్లి వేలిముద్ర ఉంది. మరి నువ్వెవరు అని అడిగాడు దుర్గా నన్ను. ఎవరి పేరు పెట్టుకుని వచ్చావు అని.

నేను అరిచాను. ఏదో వేరే ఇంటికి వెళ్లారండి, మా అమ్మ అలా అనదండి అన్నాను. అమ్మకి మతి పోయిందేమో అనుకున్నాను. కాదు, అమ్మే పోయిందేమో, వేరే ఎవరో వేలు పెట్టారేమో అనుకున్నాను. మూడు రోజులు అలాగే ఉన్నాను. నాలుగో రోజు నీ జూన్ ఉత్తరం ఇచ్చారు.

అందులో అన్నీ ఉన్నాయి. గడులు, పిన్ని పాఠం, దేవకుమారి మొగుడి గడ్డం. నాలుగు నెలలు పట్టింది అది నా దగ్గరికి రావడానికి. జూలైలో ఎంబసీ ఆయన వచ్చేలోపు అంది ఉంటే మీ అమ్మ వాళ్ల ఊరు రాయించేవాణ్ణి. నీ మీద కోపం రాలేదని రాద్దామనుకున్నాను. వచ్చింది. వీధి మొత్తం మీద వచ్చింది. పుండు ఎండిందని రాశావు కదా, ఆ లైను మళ్లీ చదివాను. అప్పుడు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

బుల్లియ్య వెళ్తూ తన దుప్పటి నాకిచ్చాడు. వైజాగ్‌లో దిగగానే మీకు ఫోను చేస్తానన్నాడు. గదిలో ఇప్పుడు నేనొక్కణ్ణే తెలుగు. మాట్లాడాలనిపిస్తే మన వీధిలో ఇళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటాను.

మళ్లీ ఎప్పుడు అడుగుతారో ఎవరూ చెప్పడం లేదు. నా పేరు ఏ దేశం జాబితాలోనూ లేదట.

ఒక్క మాట విను. కూపన్ మానేయకు. నన్ను బతికించాలని ఆఫీసుల చుట్టూ తిరిగి, ఉన్న మందు పోగొట్టకు. సగం మందు మళ్లీ పొడవకు. అలా రాయించుకున్నారు కాబట్టి అలాగే ఉండండి. నేను పోయానని రాస్తే అమ్మ నడుస్తుందంటే, రాయి.

లోవరాజు


మేరుగువారిపాలెం,
17 ఫిబ్రవరి 2025.

బావా,

బుల్లియ్య నవంబరులోనే ఫోను చేశాడు. ఫోను అత్త చేతికి దగ్గరగా ఉంది, ఆవిడే ఎత్తింది. "లోవరాజు రాలేదమ్మా, మీరు లేడని రాసిచ్చారంట కదా" అన్నాడు. మంచివాడే, తెలియక అన్నాడు. నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూసి, "ఆ వచ్చినవాళ్లు వాడి కోసం వచ్చారా?" అంది. అవునన్నాను. ఈసారి ఏడవలేదు. మరిడమ్మ పిన్ని వచ్చి కాళ్ల మీద పడి, "వదినా, నన్ను కొట్టు" అని గోలపెట్టింది. అత్త ఆవిడ తల నిమిరింది. కాలి పుండు పూర్తిగా మానింది. గుమ్మం దాకా నడుస్తోంది. మందు బాగా పనిచేసింది బావా.

నీ ఉత్తరం పోయిన నెల వచ్చింది. కూపన్లకి ఏడాది నిండింది, మళ్లీ కొత్త ఫారం నింపాలన్నారు. మొన్న గురువారం షెల్టర్‌కి వెళ్లాను. బల్ల దగ్గర కొత్త కుర్రవాడు. గడులు అవే మూడు. కిందటిసారి అబద్ధం ఆడుతున్నానని మాత్రమే తెలుసు. ఈసారి దాని వల్ల ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఇన్సులిన్ ఆరు రోజులకి సరిపడా ఉంది.

టిక్కు పెట్టాను బావా. నువ్వు పెట్టమన్నావని కాదు, ఆ పాపం నీ మీదికి నెట్టను. నేనే పెట్టాను. బొట్టు మాత్రం తుడుచుకోలేదు. ఫొటో తీసే కుర్రవాడు చూసి కూడా ఏమీ అనలేదు.

అత్త సంగతి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. గుమ్మంలో కూర్చుంటుంది. వీధిలోకి ఎవరు కొత్తగా వచ్చినా పిలుస్తుంది. గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి, ఓటరు చీటీలు పంచేవాళ్లని, ఐసు బండి వాణ్ణి. "బాబూ, నాకు కొడుకున్నాడు. మేరుగు లోవరాజు. రాసుకోండి" అంటుంది. మొదట్లో వీధివాళ్లు భయపడ్డారు, కూపన్లు పోతాయని. ఇప్పుడెవరూ ఏమీ అనడం లేదు. ఒకరు విని నవ్వి వెళ్లిపోతారు, ఒకరు అలాగేనమ్మా అంటారు. రాసుకున్నవాడు ఒక్కడూ లేడు.

మొన్న కరెంటు మీటరు చూసే మనిషి వచ్చాడు. అత్త అతన్నీ ఆపింది. అతను రీడింగు తీసి, బిల్లు చించి, దాన్ని తిరగేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాడు. "పెద్దింట్లమ్మ గారికి కొడుకున్నాడు. పేరు మేరుగు లోవరాజు. బతికే ఉన్నాడు." కింద తారీఖు వేసి సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. అత్త నా దగ్గర ఇంకు అడిగి దాని మీద వేలిముద్ర వేసింది. ఆ తర్వాత ఆ రోజు ఎవర్నీ పిలవలేదు. కడుపునిండా అన్నం తింది.

ఆ బిల్లు ఈ కవర్లో పెడుతున్నాను. పెట్టమని అత్తే ఇచ్చింది. దీనికి ఎక్కడా విలువ లేదని ఆవిడకి చెప్పలేకపోయాను. అక్కడ ఎవరైనా అడిగితే చూపించు.

దుర్గ